స్నోమొబైల్ ఇంజన్ పెట్టిన గోల్ఫ్ కార్ట్: ఎనిమిది నిమిషాల్లో నీళ్లు మరిగిపోతున్నాయి

డులూత్_ప్రసాద్
మూడు నెలలుగా ఒకే పని మీద ఉన్నాను, తీరా ఆఖరి మెట్టు దగ్గర ఇరుక్కుపోయాను. మాది మిన్నెసోటాలో డులూత్‌కి ఉత్తరంగా పదెకరాల స్థలం. ఇంటి దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా అర మైలు దారి, అంతా ఎత్తుపల్లాలు. కట్టెలు తెచ్చుకోవడానికి, నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ని నీళ్ల ఒడ్డుదాకా తీసుకెళ్లడానికి ఉంటుందని ఒక పాత పెట్రోల్ గోల్ఫ్ కార్ట్ కొన్నాను. దాని ఇంజన్ అప్పటికే పోయింది. పక్కింటాయన షెడ్డులో 1990ల నాటి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఒకటి ట్రాక్ (చక్రాలకి బదులు కింద తిరిగే రబ్బరు పట్టీ) చిరిగి పడి ఉంది, ఇంజన్ మాత్రం బంగారంలా ఉంది. 500 సీసీ తరగతి, రెండు సిలిండర్లు, రెండు స్ట్రోకులు, నీళ్లతో చల్లబడే రకం. చలికాలమంతా నేనూ మా అబ్బాయీ గ్యారేజీలో కూర్చుని దాన్ని సీటు కింద బిగించాం.

మొన్న శనివారం మొదటిసారి బయటికి తీశాం. ఎండ పెద్దగా లేదు, 75 డిగ్రీల ఫారెన్‌హీట్. ఐదు నిమిషాలకి మీటరు 160 చూపించింది. ఎనిమిదో నిమిషానికి 220. ఆపేలోపే టీ గిన్నె పొంగినట్టు పక్క డబ్బాలోంచి కూలెంట్ అంతా నేలపాలైంది.

పాత ఇనుము కొట్లో దొరికిన చిన్న కారు రేడియేటర్ పెట్టాను, 14 అంగుళాలు బై 14. ఇంజన్ వెనకాల, బంపర్ పక్కన ఉంది. దానికి 10 అంగుళాల కరెంటు ఫ్యాను జిప్ టైలతో కట్టాం. కూలెంటు, నీళ్లు సగం సగం. పంపు ఇంజన్‌దే, తిరుగుతోంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

సిద్ధిపేట_సాయి
థర్మోస్టాట్ (వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసి పక్కన పెట్టు అన్నా. సగం రోగం పోతుంది.

నేర్చుకుంటున్నా
ముందు ఒక్క మాట. స్నోమొబైల్‌కి రేడియేటర్ ఉండదా? మళ్లీ కారుది ఎందుకు పెట్టారు?

విన్నిపెగ్_వాసు
@నేర్చుకుంటున్నా మంచి ప్రశ్న, అసలు విషయమంతా అందులోనే ఉంది. నీళ్లతో చల్లబడే స్నోమొబైళ్లలో చాలావాటికి కారులో ఉండే లాంటి రేడియేటర్ ఉండదు. సీటు కింద ట్రాక్ తిరిగే సొరంగం లాంటి భాగం ఉంటుంది కదా, దాని పైకప్పుకి లోపలివైపు అల్యూమినియం పలకలు ఉంటాయి. వేడి నీళ్లు ఆ పలకల్లోంచి పారతాయి. ట్రాక్ తిరుగుతూ మంచుని ఎగరేసి ఆ పలకల మీదికి కొడుతుంది. మంచు కరిగేటప్పుడు లాక్కునే వేడే ఇంజన్‌ని చల్లబరుస్తుంది. అంటే దాని అసలు రేడియేటర్ కింద పరిచి ఉన్న మంచు. ఇంజన్ ఊడదీసి తెచ్చుకున్నప్పుడు దాని సగం ఒళ్లు అక్కడే ఉండిపోయినట్టు.

మంచుమీద కూడా ఈ ఇబ్బంది వస్తుంది. మార్చి నెలాఖరులో విన్నిపెగ్ సరస్సు మీద మంచు పొడి ఉండదు, ఉత్త గడ్డ గాజులా ఉంటుంది. ట్రాక్ ఏమీ ఎగరేయలేదు. ఒకసారి ఒడ్డుకి రెండు కిలోమీటర్ల దూరంలో నా బండి ఎర్ర లైటు వెలిగింది. అక్కడక్కడా మిగిలిన పాత మంచు చేతులతో తోడి సొరంగంలో కూరాను, పది నిమిషాలు ఆగి మళ్లీ కదిలాను. తర్వాత గడ్డని గీకి పొడి లేపే ఉక్కు స్ప్రింగులు కొని బిగించాను. ఇక్కడ దాదాపు అందరి బండ్లకీ అవి ఉంటాయి.

పాలకొల్లు_పెద్దోడు
వాసుగారూ, అంటే ఆ బండి ఐసు గడ్డ మీద కూర్చుని కూడా వేడెక్కిపోతుందన్నమాట! మా చెరువుల దగ్గర డీజిల్ ఇంజన్లకి ఈ గొడవే లేదు. పక్కనే ఉన్న నీళ్లలో పైపు వేస్తాం, ఒకవైపు లాగుతుంది, వేడి నీళ్లు ఇంకోవైపు పోతాయి. ప్రసాద్ గారూ, మీరూ చెరువు గట్టుకే కదా వెళ్తున్నది :)

డులూత్_ప్రసాద్
@పాలకొల్లు_పెద్దోడు గట్టు చేరితే కదండీ, సగం దారిలోనే పొంగిపోతోంది.
@విన్నిపెగ్_వాసు ఆ పలకలు నా దగ్గరే ఉన్నాయి. వాటిని కార్ట్ అడుగున బిగిస్తే రేడియేటర్‌కి కొంచెం సాయం కాదా?

విన్నిపెగ్_వాసు
దాదాపు శూన్యం. వాటికి రెక్కలు చాలా తక్కువ, మంచు తగలడానికి చేసినవి. ఉత్త గాలికి రేడియేటర్‌లా పల్చటి రెక్కలు వందలకొద్దీ కావాలి. బరువు తప్ప లాభం లేదు.

లలిత_మిషిగన్
నా ఉద్యోగం కార్ల కూలింగ్ విభాగంలోనే, పన్నెండేళ్లుగా. ముందు ఒక లెక్క చూద్దాం. ఆ ఇంజన్ గట్టిగా తొక్కితే 60 హార్స్ పవర్ దాకా ఇస్తుందనుకోండి, అంటే 45 కిలోవాట్లు. కానీ మీ గోల్ఫ్ కార్ట్‌ని దారిమీద 15 మైళ్ల వేగంతో నడపడానికి అందులో ఏడో వంతు కూడా అక్కర్లేదు. మీ రేడియేటర్ ఏమో వంద హార్స్ పవర్ కారుని ఎండలో చల్లబరిచిన సరుకు. కాబట్టి "ఇంకా పెద్ద రేడియేటర్ కొను" అని ఎవరైనా అంటే డబ్బు ఖర్చు పెట్టకండి. రేడియేటర్ సరిపోతుంది. దానిలోంచి నీళ్లు సరిగ్గా పారడం లేదు, లేదా గాలి సరిగ్గా పోవడం లేదు, లేదా రెండూ.

మూడు ప్రశ్నలు.
ఫ్యాను చుట్టూ రేకు తొడుగు ఉందా? 10 అంగుళాల ఫ్యాను ముఖం సుమారు 78 చదరపు అంగుళాలు, మీ రేడియేటర్ 196. తొడుగు లేకపోతే నలభై శాతం మీదే గాలి పోతుంది, మిగతాది ఊరికే అలంకారం.
వేడెక్కినప్పుడు కింది గొట్టం చేత్తో పట్టుకుంటే ఎలా ఉంది?
రేడియేటర్ మూత ఎన్ని పీఎస్ఐ (ఎంత వత్తిడి పడుతుందో చెప్పే అంకె)? సగం సగం కలిపిన కూలెంటు మూత లేకుండానే 106 సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్ఐ మూత గట్టిగా పట్టుకుంటే 125 దాకా ఆగాలి. మీ 220 ఫారెన్‌హీట్ అంటే 104. ఆ దగ్గరే పొంగిందంటే మూత వత్తిడి పట్టడం లేదు, లేదా మీటరు ముల్లు ఉన్నచోట కాకుండా ఇంకెక్కడో అంతకంటే చాలా వేడిగా ఉంది.

జక్కూరు_గాలిపటం
సాయి గారు థర్మోస్టాట్ తీసేయమన్నారు. దయచేసి తీయకండి. బెంగళూరు జక్కూరులో మైక్రోలైట్ (చిన్న తేలికపాటి) విమానాల ఇంజన్లు చూస్తుంటాను. వాటి ఇంజన్లకీ స్నోమొబైల్ ఇంజన్లకీ చుట్టరికం ఉంది. రోటాక్స్ కంపెనీ 503, 582 ఇంజన్ల లాంటివి ఆ కుటుంబం నుంచి వచ్చినవే. రెండు స్ట్రోకుల ఇంజన్‌కి మరీ వేడి ఎంత ప్రమాదమో మరీ చల్లదనం కూడా అంతే. పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతుంది. దాని చుట్టూ సిలిండర్ చల్లగా బిగుసుకుని ఉంటే పట్టేస్తుంది.

ఇది నా కళ్ల ముందు జరిగింది. పైనుంచి ఇంజన్ తగ్గించి పది నిమిషాలు మెల్లగా దిగాం. రేడియేటర్‌లో నీళ్లు చల్లబడిపోయాయి. నేల దగ్గరికొచ్చి ఒక్కసారిగా థ్రాటిల్ ఇచ్చాం, ఆ చల్లటి నీళ్లు వేడి సిలిండర్‌లోకి దూకాయి, ఇంజన్ కీచుమని ఆగిపోయింది. జొన్న చేలో దిగాం, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత విప్పి చూస్తే పిస్టన్‌కి నాలుగు వైపులా నిలువు గీతలు. చల్లగా పట్టేస్తే గీతలు అలాగే ఉంటాయి.

సిద్ధిపేట_సాయి
విమానాల సంగతి నాకు తెలియదు. మా దగ్గర లారీలు ఇరవై ఏళ్లుగా థర్మోస్టాట్ లేకుండానే తిరుగుతున్నాయి. ఎండలు 44 ఉంటాయి మాకు.

లలిత_మిషిగన్
@సిద్ధిపేట_సాయి లారీ డీజిల్ ఇంజన్ బరువైనది, నెమ్మదిగా వేడెక్కుతుంది, మీ ఎండలో అది సర్దుకుపోతుంది, అయినా ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఇక్కడ మే నెలలో కూడా ఉదయం 40 ఫారెన్‌హీట్ ఉంటుంది. పైగా థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమే రోగమైతే దాన్ని గిన్నెలో వేడి నీళ్లలో వేసి చూస్తే సరి. ఐదు నిమిషాల పని.

"థర్మోస్టాట్ తీస్తే నీళ్లు మరీ వేగంగా పారి చల్లబడడానికి టైము దొరకదు" అని కూడా కొందరు అంటారు. అదీ నిజం కాదు. వేగంగా పారితే వేడి ఇంకా బాగా దిగుతుంది. ఉంచమని చెప్పేది జక్కూరు గారు చెప్పిన కారణానికి.

విన్నిపెగ్_వాసు
స్లెడ్ (స్నోమొబైల్) థర్మోస్టాట్లు కారు వాటికంటే చాలా ముందే తెరుచుకుంటాయి, చాలావాటిలో 42 నుంచి 50 సెల్సియస్ మధ్య. కారుది 88 దగ్గర. కాబట్టి పోయిందని కారుది పెట్టకు ప్రసాద్, స్లెడ్‌దే తెప్పించుకో.

డులూత్_ప్రసాద్
లలితగారూ, రాత్రి గ్యారేజీలో మళ్లీ నడిపి చూశాను. జవాబులు:
తొడుగు లేదు. జిప్ టైలు రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి కట్టాం, అంతే.
పై గొట్టం ముట్టుకోలేనంత వేడి. కింది గొట్టం చల్లగా, ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంది!
మూత మీద 13 అని ఉంది, రబ్బరు పగిలిపోయింది.
థర్మోస్టాట్ గిన్నెలో వేశాను, 120 ఫారెన్‌హీట్‌కి చక్కగా తెరుచుకుంది.

లలిత_మిషిగన్
కింది గొట్టం చల్లగా ఉందంటే నీళ్లు పారడమే లేదు. లోపల గాలి ఇరుక్కుంది. మీ పై గొట్టం ఇంజన్ నుంచి రేడియేటర్‌కి ఎలా వెళ్తోంది? మధ్యలో ఎక్కడైనా గుర్రం మూపులా పైకి లేచి మళ్లీ దిగుతోందా?

డులూత్_ప్రసాద్
అవునండి. ఫ్రేము కడ్డీ అడ్డం వచ్చిందని దాని మీదుగా తీసుకెళ్లాం. ఇంజన్ హెడ్ (సిలిండర్ల పై మూత) కంటే నాలుగు అంగుళాలు ఎత్తు.

లలిత_మిషిగన్
అక్కడే. గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. మీ మూత ఉన్న చోటే మొత్తం వ్యవస్థలో ఎత్తుగా ఉండాలి. లేదంటే ఆ మూపు మీద గాలి బయటికి పోయే చిన్న స్క్రూ పెట్టాలి. పంపు గాలిని తొయ్యలేదు, ఊరికే తిరుగుతుంది. హెడ్ లోపల నీళ్లకి బదులు ఆవిరి చేరి అక్కడ లోహం మండిపోతుంటుంది, మీటరు మాత్రం ఆలస్యంగా చెబుతుంది.

పాలకొల్లు_పెద్దోడు
మా పంపు సెట్టులో గాలి పడితే ఇంతే, గొట్టం అంతా నింపి మళ్లీ మొదలెడతాం. ఊరు ఏదైనా నీళ్ల బుద్ధి ఒక్కటే.

ఆటోనగర్_బాషా
మూడు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పని చేశాను, అందులో సగం రెండు స్ట్రోకుల ఆటోలే. ప్రసాద్ గారూ, నీళ్ల సంగతి మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కానీ గాలి సంగతి వదిలేయకండి, అది బాగు చేయకపోతే మళ్లీ వస్తుంది.

పాత ఆటో ఇంజన్‌కి నీళ్లు ఉండవు. ఫ్లైవీల్‌కే ఫ్యాను రెక్కలు ఉంటాయి, సిలిండర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. పాత స్కూటర్లకీ అంతే. వేసవిలో ఒక కుర్రాడు ఆటో తెచ్చాడు, వారధి మీద పట్టేసిందని. చూస్తే రేకు లేదు. ఏది నాయనా అంటే "గాలి బాగా తగులుతుందని తీసేశాను భాయ్" అన్నాడు. నమ్ముతారా, అదే నెలలో ఇంకో ఇద్దరు అదే మాటతో వచ్చారు. రేకు గాలిని ఆపడం లేదు, దారి చూపిస్తోంది. రేకు తీసేస్తే ఫ్యాను కొట్టిన గాలి ఎటు సుళువుగా ఉంటే అటు పోతుంది, సిలిండర్ రెక్కల సందుల్లోకి పోదు. కాలువకి గట్టు తీసేస్తే నీళ్లు చివరి పొలానికి చేరతాయా?

మీరు రేడియేటర్ పెట్టింది సీటు కింద, ఇంజన్ వెనక. ఆ పెట్టెలోకి చల్లగాలి ఎక్కడినుంచి వస్తోంది? వేడి గాలి ఎటు పోతోంది? అది చూడండి. ఒక అగరొత్తి వెలిగించి పట్టుకోండి, పొగే చెబుతుంది.

టెక్సాస్_తిరుమల
బాషాగారి అగరొత్తి ఐడియా అద్భుతం.
నాది వేరే బెంగ. గోల్ఫ్ కార్ట్ బ్రేకులు వెనక రెండు చక్రాలకే ఉంటాయి, 12, 15 మైళ్ల వేగానికి చేసినవి. 60 హార్స్ పవర్ పెట్టి నాన్నగారిని ఎక్కిస్తానంటున్నారు. ఇక్కడ 20 మైళ్లు దాటే బండిని చట్టం గోల్ఫ్ కార్ట్‌గా చూడదు, 1998 నుంచి సీటు బెల్టులు, అద్దాలు, లైట్లు అన్నీ ఉండాలన్న రూలు ఉంది. మీది సొంత స్థలమే, నిజమే. కానీ కొండ దిగేటప్పుడు స్థలం ఎవరిదైనా ఒక్కటే.

డులూత్_ప్రసాద్
@టెక్సాస్_తిరుమల మంచి మాట చెప్పారు. థ్రాటిల్‌కి అడ్డు పెట్టి సగానికి మించి తెరుచుకోకుండా చేశాను. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకుల కిట్ వచ్చేసింది, అది బిగించాకే నాన్నగారు ఎక్కుతారు. సీటు బెల్టులు కూడా.

వైర్లబ్బాయి
ఫ్యానుకి కరెంటు ఎక్కడిది? పాత స్లెడ్ లైటింగ్ కాయిల్ ఇచ్చేది ఏసీ. అందులోనూ ఇంజన్ తక్కువ స్పీడులో ఉంటే సరిగ్గా రాదు. ఫ్యాను దగ్గర వోల్టేజీ కొలిచి చెప్పండి, ఆగి ఉన్నప్పుడు ఒకసారి, రేజ్ చేసి ఒకసారి.

డులూత్_ప్రసాద్
బైకుది ఒక రెగ్యులేటర్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది) పెట్టాను. ఐడిల్‌లో 10.9, రేజ్ చేస్తే 12.4. చిన్న బ్యాటరీ ఉంది.

వైర్లబ్బాయి
అది హాఫ్ వేవ్ రకం అయ్యుంటుంది, కాయిల్ ఇచ్చేదాంట్లో సగం వదిలేస్తోంది. 10 అంగుళాల ఫ్యాను 7, 8 ఆంపియర్లు లాగుతుంది, అంటే వంద వాట్లు దగ్గర దగ్గర. 10.9 దగ్గర ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి చాలా పడిపోతుంది. ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ పెట్టు. ఒక జాగ్రత్త, కాయిల్ ఒక కొస లోపల బాడీకి ఎర్త్ అయి ఉంటుంది చూడు. అలాగే ఉంచి ఫుల్ వేవ్ పెడితే కాలిపోతుంది. స్టేటర్ (ఆ కాయిల్ ఉండే భాగం) తీసి, ఆ ఎర్త్ విప్పి, రెండు కొసలూ విడిగా బయటికి తెచ్చుకోవాలి.

జక్కూరు_గాలిపటం
ఇంకో రెండు విషయాలు.
ఈ వయసు ఇంజన్లకి క్రాంక్ సీళ్లు (ఇంజన్ ఇరుసు పక్కనుంచి గాలి దూరకుండా ఆపే రబ్బరు వలయాలు) ఎండిపోతాయి. సీలు పక్కనుంచి దొంగ గాలి పీలిస్తే మిశ్రమం పల్చబడుతుంది, హెడ్ మండిపోతుంది, ఎంత రేడియేటర్ పెట్టినా ఆగదు. ఎగ్జాస్ట్, కార్బొరేటర్ రంధ్రాలు మూసి కొంచెం గాలి పట్టించి చూడండి, నిలబడితే సీళ్లు బాగున్నట్టే.
జెట్ల (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాల) సంగతి. చలికాలపు గాలి చిక్కన. సున్నా ఫారెన్‌హీట్ నుంచి 80కి వచ్చేసరికి గాలి 15 శాతం పల్చబడుతుంది. కాబట్టి పాత జెట్లతో ఇప్పుడు పెట్రోలు ఎక్కువ పోతోంది. ప్లగ్గులు నల్లబడతాయి కానీ ఇంజన్‌కి ప్రమాదం లేదు. కంగారుపడి మరీ చిన్న జెట్ వేయకండి, ఒక్కో సైజు తగ్గిస్తూ ప్లగ్గు కాఫీ రంగుకి వచ్చేదాకా చూడండి.

నేర్చుకుంటున్నా
అసలు ఇంజన్‌కి ఎంత వేడి ఉంటే మంచిది? అందరూ ఎక్కువ, తక్కువ అంటున్నారు, అంకె ఒక్కటీ లేదు.

జక్కూరు_గాలిపటం
మా వైపు 582కి నీళ్లు 65 నుంచి 75 సెల్సియస్ మామూలు, 80 దాటకూడదు. గాలితో చల్లబడే 503కి ప్లగ్గు కింద కొలిస్తే 190 నుంచి 230, గరిష్ఠం 250. ప్రసాద్ గారి ఇంజన్‌కి నీళ్లు 150, 160 ఫారెన్‌హీట్ దగ్గర నిలిస్తే నేనైతే హాయిగా నిద్రపోతాను.

డులూత్_ప్రసాద్
బాషా భాయ్, దేవుడి గదిలోంచి అగరొత్తి తెచ్చాను. మా అబ్బాయి టార్చి పట్టుకున్నాడు, నేను పట్టుకుని రేడియేటర్ చుట్టూ తిప్పాను.

ఫ్యాను వెనకవైపు పొగ బయటికి పోయింది, బాగానే ఉంది అనుకున్నాను. పక్కకి తిప్పేసరికి పొగ బంపర్ అంచు దాకా వెళ్లి, వంగి, ఫ్రేము కింది నుంచి మెలిక తిరిగి మళ్లీ రేడియేటర్ ముందు వైపుకి వచ్చింది. రెండుసార్లు, మూడుసార్లు చూశాను. ఒకే పొగ చుట్టూ తిరుగుతోంది. పైగా ముందు నుంచి వచ్చే కాస్త గాలీ ఎగ్జాస్ట్ పైపు మీదుగా వస్తోంది. ఆ పైపు పక్కన చేయి పెట్టలేం. అంటే పొయ్యి మీద కాచిన గాలితో ఇంజన్ చల్లార్చుకుంటున్నాం మేము.

ఆటోనగర్_బాషా
చూశారా. పొగ అబద్ధం ఆడదు.

లలిత_మిషిగన్
ఇంత చక్కటి పరీక్ష మా ల్యాబులో లక్షల రూపాయల పరికరాలతో చేస్తాం! ఇప్పుడు రేడియేటర్‌ని అక్కడినుంచి తీసేయండి. ముందుకి, కౌల్ (బండి ముందు భాగపు మూత) లోపలికి తీసుకెళ్లండి.

టెక్సాస్_తిరుమల
ముందు పెడితే బురద, కొమ్మలు తగులుతాయి, కాళ్లకి వేడి. పైకప్పు వెనక పెడితే గాలి శుభ్రంగా ఉంటుంది కదా?

లలిత_మిషిగన్
పైకప్పు వద్దే వద్దు. మరిగే నీళ్లు, వత్తిడితో, మనుషుల తలలపైన! ఒక్క గొట్టం ఊడిందంటే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ముందు పెట్టి ఇనుప జాలీ కట్టండి, వేడి గాలి చక్రాల పక్కకి దిగేలా అడ్డు రేకు పెట్టండి.

విన్నిపెగ్_వాసు
వెనక నుంచి ముందుకి రబ్బరు గొట్టం వద్దు, నేల కింద వేలాడి రాయి తగులుతుంది. అల్యూమినియం పైపులు వేసి కొసల దగ్గర మాత్రమే రబ్బరు. ఆ పైపులు కూడా దారిలో కొంచెం వేడి వదులుతాయి. లోపలి వ్యాసం ఇంజన్ నోరు ఎంత ఉందో అంతే ఉంచు, తగ్గించకు.

జక్కూరు_గాలిపటం
ఎగ్జాస్ట్‌కి గుడ్డ చుట్టమని ఎవరో ఒకరు చెబుతారు, ముందే అంటున్నాను, వద్దు. రెండు స్ట్రోకుల ఉబ్బు పైపు లోపలి వేడి మీద దాని ట్యూనింగ్ ఆధారపడి ఉంటుంది. చుడితే పవర్ వచ్చే స్పీడు మారిపోతుంది. అంగుళం ఎడంగా రేకు అడ్డం పెట్టండి చాలు.

పాలకొల్లు_పెద్దోడు
రెండు వారాలైంది. ప్రసాద్ గారూ, ఉన్నారా? మేమంతా ఇక్కడ గట్టు మీదే కూర్చున్నాం.

డులూత్_ప్రసాద్
ఉన్నానండి, వర్షాలు, ఆఫీసు, స్టేటర్ విప్పడం. ఇప్పుడు చెబుతాను.

రేడియేటర్ ముందు కౌల్ లోపలికి వెళ్లింది. కౌల్‌కి పలక కోసి జాలీ బిగించాం. రేడియేటర్ నాలుగు అంచులకీ, కౌల్‌కీ మధ్య సందులు ఫోమ్‌తో మూసేశాం, గాలి పక్కనుంచి తప్పించుకోకుండా. ఫ్యానుకి రేకు తొడుగు మా అబ్బాయే చేశాడు, అట్ట ముక్కతో నమూనా కోసి, తర్వాత రేకు వంచి. రెండు అల్యూమినియం పైపులు, ఒక్కోటి ఏడు అడుగులు. వాటికే అదనంగా లీటరున్నర పైచిలుకు కూలెంటు పట్టింది. కొత్త మూత. మూపు తీసేశాం, హెడ్ దగ్గర గాలి స్క్రూ పెట్టాం. ముందు చక్రాలు రెండూ దిమ్మల మీదికి ఎక్కించి, మూత ఎత్తుగా ఉండేలా నిలబెట్టి నింపాం. గొట్టాలు చేత్తో నొక్కుతుంటే స్క్రూ దగ్గర బుడగలు బుడబుడమని వస్తూనే ఉన్నాయి, దాదాపు పావుగంట. అంత గాలి లోపల ఉందంటే నమ్మలేకపోయాను.

వైర్లబ్బాయి గారూ, ఇప్పుడు ఐడిల్‌లో 12.9, రేజ్ చేస్తే 14.1.

ఆదివారం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో పాతిక నిమిషాలు నడిపాం. చదును మీద 155. కట్టెలు వేసుకుని ఎత్తు ఎక్కితే 168, పైకి చేరాక రెండు నిమిషాల్లో మళ్లీ 155. కింది గొట్టం గోరువెచ్చగా ఉంది. మళ్లీ అగరొత్తి వెలిగించాను, పొగ జాలీలోకి నేరుగా వెళ్లి, చక్రాల పక్కనుంచి కిందికి పోతోంది, వెనక్కి రావడం లేదు.

ఆటోనగర్_బాషా
మనసు నిండిపోయింది సార్. మీ అబ్బాయికి నా తరఫున చెప్పండి, రేకు వంచడం వచ్చినవాడికి ఎక్కడైనా అన్నం దొరుకుతుంది.

సిద్ధిపేట_సాయి
థర్మోస్టాట్ ఉంచారా చివరికి?

డులూత్_ప్రసాద్
ఉంచాను సాయీ. ఉదయం 45 ఫారెన్‌హీట్ చలిలో స్టార్ట్ చేస్తే నాలుగు నిమిషాల్లో 120కి వస్తోంది, అప్పటిదాకా బండి కదపడం లేదు.

సిద్ధిపేట_సాయి
సరే అన్నా, ఒప్పుకుంటున్నా. లారీ సంగతి మాత్రం మళ్లీ మాట్లాడుకుందాం.

విన్నిపెగ్_వాసు
ఇంకొకటి మిగిలింది. డ్రైవ్ బెల్టు (క్లచ్ నుంచి చక్రాల వైపు శక్తి అందించే రబ్బరు పట్టీ) కాలిన వాసన వస్తోందా? స్లెడ్ క్లచ్ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర గానీ పట్టుకోదు. మెల్లగా పోతుంటే అది జారుతూనే ఉంటుంది, బెల్టు కాలిపోతుంది.

డులూత్_ప్రసాద్
వస్తోంది, గేటు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ముఖ్యంగా.

విన్నిపెగ్_వాసు
ఇంజన్ వైపు క్లచ్‌లో మెత్తటి స్ప్రింగ్ వెయ్యి, ఇంకా తక్కువ ఆర్‌పీఎంకే పట్టుకుంటుంది. క్లచ్ మూతకి గాలి రంధ్రాలు కూడా కావాలి. ఆ వేడి గాలి ఇంజన్ వైపు పోకుండా చూసుకో.

నేర్చుకుంటున్నా
నేనూ ఒకటి మొదలెడుతున్నాను, గాలితో చల్లబడే పాత ఇంజన్, ఫ్యాను రేకు మాత్రం విప్పను! ప్రసాద్ గారూ, అల్యూమినియం పైపు కొసలకి రబ్బరు గొట్టం జారిపోకుండా ఏం చేశారు? ఉత్త క్లాంపు చాలా?

డులూత్_ప్రసాద్
చాలదు. మొదట ఉత్త క్లాంపుతో బిగిస్తే వేడెక్కాక ఒకటి పావు అంగుళం వెనక్కి జరిగింది. పైపు విప్పి తీసుకెళ్లి కొస దగ్గర చుట్టూ చిన్న ఉబ్బు చేయించాను, ఉంగరంలా. గొట్టం దాని మీదుగా ఎక్కించి, క్లాంపు ఉబ్బు దాటాక, పైపు కొసకి దూరంగా ఉన్న వైపు బిగించాలి. అప్పటినుంచి కదల్లేదు. నాది ఒక అంగుళం పైపు, గొట్టం కూడా లోపల ఒక అంగుళమే.